తడిగుడ్డ, వారపు మాత్ర

ఒళ్ళంతా ఎగ్జిమా పాకిన పెద్దమనిషి పెద్దాసుపత్రికి చేరితే డాక్టర్లు రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి ఎంచుకుంటారు. ఒకటి వార్డు పద్ధతి. పడక, గోరువెచ్చని స్నానం, లిక్విడ్ పారఫిన్, స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు, దాని మీద తడిగుడ్డ చుట్లు, రెండు పూటలా వచ్చి చూసే సిస్టరు. రెండోది చీటీ పద్ధతి. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర, లేదా రోజూ సైక్లోస్పోరిన్, స్తోమతు ఉంటే రెండు వారాలకోసారి డూపిలుమాబ్ సూది. మొదటిది మనిషిని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. రెండోది ఇంటికి, పనికి పంపించేస్తుంది. మాత్ర సంగతి, సూది సంగతి పాఠకులకు కొత్త కాదు. మందుల డబ్బా లేని ఇల్లు మన వైపు లేదు. వార్డు సంగతే తక్కువ మందికి తెలుసు. చర్మం జబ్బుకు కూడా ఆసుపత్రిలో పడుకోబెడతారా అని ఆశ్చర్యపోయినవాళ్ళు విజయవాడలో నాకు చాలామంది తగిలారు. రెండు కావ్యాలను పక్కపక్కన పెట్టుకుని చదివే అలవాటున్నవాణ్ణి గనక, ఈ రెండు వైద్యాలనూ అలాగే చదవబోతున్నాను. రెండింటి మీదా నాకు గౌరవం ఉంది.

ఈ పనికి గుణదల కన్నా తగిన చోటు కృష్ణా డెల్టాలో కనబడదు. 1980లో సిద్ధార్థ అకాడమీ పెట్టగా, 2000లో ప్రభుత్వం చేతికి వచ్చిన సిద్ధార్థ వైద్య కళాశాల ఇక్కడే ఉంది. 1986లో మొదలైన ఆరోగ్య విశ్వవిద్యాలయమూ ఈ చుట్టుపక్కలే. కొండ మీద 1924లో ఆర్లాటి ఫాదర్ నిలబెట్టిన మరియమాత ఉంది. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్ళు. ఆ 11వ తేదీనే 1993 నుంచి క్యాథలిక్ సంఘం ప్రపంచమంతటా రోగుల దినంగా పాటిస్తోంది. తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి మెట్లెక్కే జనంలో మతంతో పని లేకుండా అన్ని రకాల దీర్ఘరోగులూ ఉంటారు. ఎండలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని నడిచేవాళ్ళు కూడా. చర్మం జబ్బున్నవాళ్ళు ఎండకన్నా ఎదుటివాళ్ళ చూపుకు ఎక్కువ భయపడతారు.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల వస్తుంది, తామర బూజు వల్ల వస్తుంది. ఈ రెండూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకోదు. పుట్టుకతో చర్మం పైపొర బలహీనంగా ఉండటం, లోపలి రోగనిరోధక వ్యవస్థ అవసరానికి మించి రెచ్చిపోవడం, ఈ రెండూ కలిస్తే పుట్టే జబ్బు అది. చర్మం గట్టు తెగిన వరిమడిలా అవుతుంది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్మూ ధూళీ క్రిమీ లోపలికి వస్తాయి. పెద్దవాళ్ళలో దీనికి తోడు మరికొన్ని కారణాలున్నాయి. తాపీ పనివాళ్ళకు సిమెంటులోని క్రోమియం పడదు. రైతులకు, గట్ల మీద తిరిగేవాళ్ళకు వయ్యారిభామ పడదు. 1950లలో పుణె చుట్టుపక్కల కనబడిన ఆ అమెరికా కలుపుమొక్క ఇప్పుడు మన కాలవగట్ల మీద, రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో ఎక్కడ చూసినా ఉంది. దాని పొడి గాల్లో ఎగిరి మొహం మీద, మెడ మీద, మోచేతి మడతల్లో పడితే కొందరికి ఏళ్ళ తరబడి రసి కారుతుంది. 1970ల నాటికే దాని వల్ల చనిపోయినవాళ్ళ గురించి వైద్య పత్రికల్లో రాశారు.

వార్డు పద్ధతికి ఒక పెద్ద వంశం ఉంది. 19వ శతాబ్దం నడుమ వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా అనే యువ వైద్యుడికి ఎవరికీ అక్కర్లేని గదులు అప్పగించారు. వాటి నిండా గజ్జి రోగులు. ఆయన వాళ్ళను విసుక్కోకుండా చూశాడు. గజ్జికి కారణం ఒంట్లోని చెడు రసాలు కావనీ, పురుగేననీ 1844లో తేల్చి చెప్పాడు. అక్కడి నుంచి ఆయన పట్టుదల ఒకటే: చర్మం జబ్బును చర్మం మీదే చూడాలి, చర్మం మీదే వైద్యం చెయ్యాలి. కాలిన ఒళ్ళకు, పొక్కుల జబ్బులకు ఆయన చేసిన వైద్యం ఇప్పుడు చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది. గోరువెచ్చని నీటితొట్టెలో చట్రం మీద గుడ్డ పరిచి రోగిని రోజుల తరబడి అందులోనే పడుకోబెట్టేవాడు. భోజనం, నిద్ర అన్నీ నీళ్ళలోనే. ఇవాళ్టి తడిగుడ్డ చుట్టు ఆ తొట్టెకు దూరపు మనవరాలు.

హెబ్రా ఇలా బయటి నుంచి లోపలికి పోతుంటే, అదే కాలంలో పారిస్ వైద్యులు లోపలి నుంచి బయటికి వచ్చేవారు. చర్మం మీద కనబడేది లోపలి దోషానికి ఆనవాలు మాత్రమేనని వాళ్ళ నమ్మకం. మన ఊళ్ళలో ఈ రెండో మాటకే ఓటు ఎక్కువ. రక్తం చెడిపోయిందంటారు, వేడి చేసిందంటారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో చర్మరోగాలకు పక్షానికోసారి వాంతి, నెలకోసారి విరేచనం, ఆరు నెలలకోసారి రక్తం తీయించడం చెప్పాడు. లోపల శుద్ధి చేస్తేనే పైన శుభ్రమవుతుందన్న ఆలోచన అది. అలాగే ఇప్పటి మాత్రలూ లోపలి దారే పట్టాయి, కాకపోతే వాటి గురి రసాల మీద కాదు, తెల్లకణాల మీద. విజయవాడలో నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకు వెళ్ళే రోగీ, గుణదలలో చర్మవ్యాధుల ఓపీ ముందు నిలబడే రోగీ తరచుగా ఒకే మనిషి కావడంలో ఆశ్చర్యం లేదు. ఇద్దరు వైద్యుల నుంచీ ఆయన కోరేది లోపలి మందే. ఒంటికి రాసేదాన్ని మందుగా లెక్కపెట్టడు. నా దృష్టిలో వార్డు పద్ధతికి మన దగ్గర ఎదురయ్యే పెద్ద అడ్డంకి ఇదే.

వార్డులో జరిగేది దగ్గరగా చూస్తే ఆ లెక్క మారుతుంది. ట్యూబు మూతి నుంచి చూపుడువేలి చివరి కణుపు పొడవున ఆయింట్‌మెంటు పిండితే సుమారు అర గ్రాము. అది రెండు అరచేతుల మేరకు సరిపోతుంది. పెద్దమనిషి ఒంటికంతటికీ ఒక్కసారి రాయాలంటే అలాంటివి 40 కావాలి, అంటే 20 గ్రాములు. మందుల షాపులో దొరికే చిన్న ట్యూబు ఒక్క పూటకే ఖాళీ అయిపోతుంది. రెండు పూటలా వారం రాస్తే 280 గ్రాములు. ఇక మెత్తదనం కోసం రాసే పారఫిన్, వాసెలిన్ వారానికి అరకిలో దాకా పడతాయి. ఇంటి దగ్గర ఒక ట్యూబును నెల రోజులు పొదుపుగా వాడి, మందు పనిచెయ్యలేదని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. వార్డులో మందు అదే, మోతాదు వేరు. రెండు వారాల్లో తేలిపోయే ఎగ్జిమా ఇంట్లో రెండేళ్ళు ఎందుకు తేలలేదో ఆ 20 గ్రాముల లెక్కలోనే చాలావరకు ఉంది.

తడిగుడ్డ పని ఇలా సాగుతుంది. స్నానం అయ్యాక ఒళ్ళు అద్ది, తడి పూర్తిగా ఆరకముందే ఆయింట్‌మెంటూ పారఫినూ రాస్తారు. మెత్తని నూలుగుడ్డను గోరువెచ్చని నీళ్ళలో ముంచి, నీళ్ళు కారకుండా పిండి, చేతులకూ కాళ్ళకూ చుడతారు. దాని మీద పొడిగుడ్డ. కొన్ని గంటలు అలా ఉంచుతారు. తడి ఆరుతూ ఒళ్ళు చల్లబడుతుంది, నవ తగ్గుతుంది. గుడ్డ కింద మందు బాగా ఇంకుతుంది. గోరు చర్మానికి తగలదు. మందు బాగా ఇంకుతుంది కాబట్టే, ఘాటు స్టెరాయిడ్ మీద ఈ చుట్టును వారం, రెండు వారాలకు మించి సాగనివ్వరు. చీము పట్టిన చోట చుట్టరు. పారఫిన్ పీల్చుకున్న బట్టలకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. అందుకే బీడీ అలవాటున్న రోగిని సిస్టర్లు ఒకటికి రెండుసార్లు హెచ్చరిస్తారు. పొద్దున రౌండ్లకు ముందు ఇలాంటి మాటలు వినబడతాయి:

"ఏం బాబాయ్, రాత్రి మళ్ళీ గోకావా?"

"నిద్దట్లో తెలీలేదమ్మా."

"గుడ్డ విప్పేశావుగా. ఏదీ, గోళ్ళు చూపించు."

దుప్పటి దులిపితే గుప్పెడు పొలుసులు రాలతాయి. ఒంట్లో నూటికి తొంభై వంతుల చర్మం ఎర్రబడి రాలిపోయే స్థితికి చేరినవాళ్ళయితే మే నెల విజయవాడలో కూడా వణుకుతూ దుప్పటి అడుగుతారు, చర్మం ఒంటి వేడిని నిలపలేకపోతుంది కాబట్టి. వాళ్ళకు నీళ్ళు పోతాయి, మాంసకృత్తులు పోతాయి, గుండె మీద భారం పడుతుంది. అలాంటివాళ్ళకు తడిగుడ్డ చుట్టడం కన్నా ముందు వెచ్చగా ఉంచడం, తాగిన నీరూ పోసిన మూత్రమూ కొలవడం, గుడ్లూ పప్పూ పెట్టడం ముఖ్యం. ఇక్కడే ఇంటి పథ్యం అడ్డొస్తుంది. వంకాయ, గోంగూర, ఎండుచేప, గుడ్డు అన్నీ దురద పెంచుతాయని మానిపించి, చారన్నంతో నెలల తరబడి ఉంచిన రోగి వార్డుకు వచ్చేసరికి కాళ్ళు నీరు పట్టి ఉంటాయి. ఏ పదార్థమైనా నిజంగా పడకపోతే దాన్ని మానాల్సిందే. కానీ వేళ్ళ మీద లెక్కపెట్టి అన్నీ మానిపించడం పెద్దవాళ్ళ ఎగ్జిమాకు మంచి కన్నా చెడే ఎక్కువ చేస్తుంది.

వార్డుకు హెబ్రా ఎలాంటివాడో, వారపు మాత్రకు మన యల్లాప్రగడ సుబ్బారావు అలాంటివాడు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అక్కడే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920లలో అమెరికా చేరినవాడు. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ తర్వాత అదే ఫోలిక్ ఆమ్లం దారికి అడ్డంపడే మందులను తయారుచేసింది. అమినోప్టెరిన్, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ అలా వచ్చాయి. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్‌ను కొంతకాలం అణచిపెట్టి చూపించాడు. ఆ ఏడాదే ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. 1951లో కీళ్ళవాతానికి ఆ మందు ఇస్తున్న అమెరికా వైద్యులకు రోగుల సోరియాసిస్ కూడా మాయమవుతున్నట్టు కనబడింది. మెథోట్రెక్సేట్ చర్మవైద్యంలోకి వచ్చింది ఆ దారినే. ఎగ్జిమాకు చేరడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. 2011లో ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు 42 మంది పెద్దవాళ్ళలో మెథోట్రెక్సేట్‌నూ, రోగనిరోధక శక్తిని అణిచే మరో మాత్ర అజాథయోప్రిన్‌నూ పోల్చి చూశారు. 12 వారాలకు జబ్బు తీవ్రత ఒకదానితో 42 శాతం, రెండోదానితో 39 శాతం తగ్గింది. గొప్ప తేడా లేదు.

ఈ మాత్రలోని అందం వేరే చోట ఉంది. మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్ళకు నోటిపూత రాకుండా, వికారం లేకుండా, కాలేయం మీద భారం తగ్గేలా వేరే రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు. మందూ, దాని దెబ్బ తగ్గించే మందూ ఒకే మనిషి నడిపిన బల్లల మీద తయారయ్యాయి. ఆ మనిషి మన పక్క గోదావరి డెల్టా మనిషి. గుణదల ఓపీ చీటీ మీద ఈ రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి కనబడినప్పుడల్లా నాకు ఆ భీమవరం అబ్బాయి గుర్తొస్తాడు. ఆ చీటీ పట్టుకుని వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

రెంటి స్వభావాలూ ఇప్పుడు పక్కపక్కన పెడదాం. వార్డు పని వేగంగా కనబడుతుంది; మూడో రోజుకే రోగి రాత్రి పడుకుంటాడు. అదే మెథోట్రెక్సేట్ అయితే రెండు, మూడు నెలలు ఓపిక పట్టాలి. వార్డు మందు ఒంటి మీద ఉన్నంతసేపే ఉంటుంది. ఇంటికి పోయి పూత మానేస్తే కొన్ని వారాల్లో జబ్బు తిరిగొస్తుంది. మాత్ర మాత్రం పనికి పోయే మనిషి ఒంట్లో కనబడకుండా ఉండి, నెలల తరబడి నిలబెడుతుంది. వార్డులో పడుకుంటే రోగి కూలి పోతుంది, మంచం పక్కన చాప వేసుకున్న మనిషి కూలీ పోతుంది. నాట్లు, కోతల రోజుల్లో ఆ రెండు కూలీలు చిన్న విషయం కాదు. చీటీ పట్టుకుని వెళ్ళినవాడికి ఆ నష్టం లేదు. అయితే ఆయనకు రక్తపరీక్షలుంటాయి. తెల్లకణాలు, కాలేయం, మూత్రపిండాలు చూపించుకోవాలి. మందు మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, క్షయ ఎక్కడ నక్కి ఉందో మన దేశంలో ఎవరికీ తెలియదు కాబట్టి. అజాథయోప్రిన్ రాసేముందు కొందరు జన్యుపరీక్ష కూడా అడుగుతారు. మనవాళ్ళలో కొందరికి నుడ్ట్15 అనే జన్యువులో తేడా ఉండి, మామూలు మోతాదుకే తెల్లకణాలు పడిపోతాయి.

గర్భిణుల విషయంలో తేడా ఇంకా పెద్దది. మెథోట్రెక్సేట్ కడుపులోని బిడ్డకు హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు ముందే దాన్ని మానాలి. వార్డులోని పారఫిన్, మితంగా రాసే ఆయింట్‌మెంటు, తడిగుడ్డ వాళ్ళకు ఆ భయం పెట్టవు. అలాగే ఎగ్జిమా మీద హెర్పిస్ వైరస్ పడి ఒక్కరోజులో మొహమంతా ఒకేలాంటి గుంటపొక్కులు లేచి, జ్వరం కాస్తే ఆ రోగికి మాత్ర పద్ధతి పనికిరాదు. ఆ రాత్రే పడక, ఎసైక్లోవిర్ కావాలి. మరోవైపు ఏళ్ళ తరబడి వయ్యారిభామ పొడి పీలుస్తూ పొలానికి పోక తప్పని రైతును పదిసార్లు వార్డులో పడుకోబెట్టి పంపడం కన్నా అజాథయోప్రిన్ లాంటి మాత్ర మీద నిలబెట్టడమే ఆయనకు మేలు.

ఇంత తేడా ఉన్నా ఈ రెండింటికీ ఒక ఉమ్మడి బంధువుంది, స్టెరాయిడ్. 1952లో న్యూయార్క్‌లో మారియన్ సల్జ్‌బర్గర్, విక్టర్ విట్టెన్ హైడ్రోకార్టిసోన్‌ను చర్మం మీద రాస్తే పనిచేస్తుందని చూపించారు. ఈ ఎగ్జిమాకు అటోపిక్ డెర్మటైటిస్ అన్న పేరును 1933లో పెట్టినవాళ్ళలో ఒకడు ఆ సల్జ్‌బర్గరే. వార్డు దాన్ని పైపూతగా తీసుకుంది. చీటీ పద్ధతి దాని నుంచి పారిపోవడానికే పుట్టింది; మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ లాంటివి స్టెరాయిడ్ మాత్ర మీద రోగి బతకకుండా చూడటానికే వాడతారు. కానీ మన ఊళ్ళలో ఆ బంధువు మూడో దారిన ఇళ్ళల్లోకి దూరాడు. నెలకోసారి ఆర్.ఎం.పి. పొడిచే స్టెరాయిడ్ సూది, షాపువాడు అడక్కుండానే ఇచ్చే బెట్నోవేట్, పాండెర్మ్. వేసుకున్న రాత్రే దురద పోతుంది, మొహం నునుపవుతుంది. కొన్నాళ్ళకు మొహం ఉబ్బుతుంది, తొడల మీద చారలు పడతాయి, చక్కెర పెరుగుతుంది; మానేసిన వారంలో జబ్బు రెట్టింపై ఒళ్ళంతా ఎరుపెక్కుతుంది. వార్డుకు ఎర్రబడిన ఒంటితో వచ్చేవాళ్ళను అడిగితే కొందరి వెనక ఈ కథే ఉంటుంది. తామర మీద రాస్తే ఇంకో ముప్పు. బూజు ఆకారం మార్చుకుని పొత్తికడుపు దాకా పాకుతుంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అమలు ఎలా ఉందో మీ వీధి చివరి షాపులో తెలుస్తుంది.

రెండు పద్ధతులూ సమానంగా తప్పే చోటు ఇంకొకటుంది, మన రంగు. పాఠ్యపుస్తకాల్లో ఎగ్జిమా గులాబీ రంగులో ఉంటుంది. చామనఛాయ ఒంటి మీద అది గోధుమరంగుగానో, ఊదాగానో, బూడిదగానో కనబడుతుంది. ఎరుపును లెక్కలో వేసే కొలబద్దలు మన రోగి తీవ్రతను తక్కువగా చూపిస్తాయి. తక్కువగా చూపితే పడకా దొరకదు, మాత్రా దొరకదు. డాక్టరు చూపుతో పాటు వేలితో తడిమి చూడటం, మందంగా ఉందా, గోకుడు గీతలున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా అని అడగటం ఇందుకే ముఖ్యం. సిద్ధార్థలాంటి కళాశాలల్లో చదువుకునే పిల్లలకు ఇది పుస్తకం కన్నా రోగి ఒళ్ళే బాగా నేర్పుతుంది. ఆ ఒళ్ళు వరసగా చూడటానికి దొరికేది వార్డులో.

కొత్త సూదుల విషయానికొస్తే, 2017లో అమెరికాలో అనుమతి పొందిన డూపిలుమాబ్ వారపు మాత్ర కుటుంబంలోని సంపన్న బంధువు. దురదను, వాపును పురిగొల్పే రెండు సంకేతాలను అది ఒకేసారి ఆపుతుంది. కళ్ళు ఎర్రబడటం తప్ప పెద్ద ప్రమాదాలు తక్కువ. క్షయ భయమూ తక్కువ. దాని వెనకే జాక్ అనే ఎంజైములను ఆపే, నోటితో వేసుకునే మాత్రలు వచ్చాయి. అవి వేగంగా పనిచేస్తాయి, పరీక్షలు మాత్రం ఎక్కువ అడుగుతాయి. వీటిని నేను మనసారా ఆహ్వానిస్తున్నాను. పదేళ్ళు నిద్రపోని మనిషి మొదటిసారి రాత్రంతా పడుకోవడం కన్నా పెద్ద సంగతి ఏముంటుంది? అయితే చాలా దేశాల్లో చర్మవ్యాధుల పడకలు తగ్గిపోతున్నాయి. ఇంగ్లండులో ఒకప్పుడు ప్రత్యేకంగా ఉన్న చర్మ వార్డులు చాలా చోట్ల మూతపడ్డాయి. డచ్చివాళ్ళు స్విట్జర్లాండులోని దావోస్ కొండల్లో ఎగ్జిమా రోగులను వారాల తరబడి ఉంచి వైద్యం చేసిన కేంద్రం కూడా అలాంటి సంప్రదాయానిదే. ఆ దేశాల్లో సూది చాలామందికి ఎలాగోలా అందుతుంది. అక్కడి లెక్కతో ఇక్కడి పడకలు తీసెయ్యకూడదు.

కృష్ణా డెల్టా రోగికి ఈ రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమనడం సరికాదని నా అభిప్రాయం. హెబ్రా వంశమూ సుబ్బారావు వంశమూ ఇక్కడ ఒకే చీటీ మీద కలవాలి. తీవ్రంగా వచ్చినవాణ్ణి వారం, పది రోజులు వార్డులో ఉంచాలి. ఆ రోజుల్లో ఒళ్ళు చల్లబడుతుంది, చీము తగ్గుతుంది, పరీక్షలన్నీ పూర్తవుతాయి. అంతకన్నా ముఖ్యంగా రోగీ, ఆయన భార్యో అక్కో, 20 గ్రాములంటే ఎంతో చేత్తో నేర్చుకుంటారు. వార్డులో ఉండగానే వారపు మాత్ర మొదలుపెడితే, ఇంటి దగ్గర రెండు, మూడు నెలలు పూత సాగించేసరికి మాత్ర పని అందుకుంటుంది. పూత లేకుండా మాత్ర ఒక్కటే వేసుకున్న చర్మం పగుళ్ళతోనే ఉంటుంది. మాత్ర లేకుండా పూతతోనే ఇంటికి పోయినవాడు మళ్ళీ అదే పడకకు వస్తాడు. నేను చూసినంతలో బాగుపడి నిలబడ్డవాళ్ళంతా ఏదో ఒక క్రమంలో రెండూ వాడినవాళ్ళే.

అందుకే జిల్లా ఆరోగ్య అధికారులకు నా విన్నపం: చర్మవ్యాధుల వార్డుకు పడకలు, పారఫిన్, నూలుగుడ్డ, ఓపికగా రాసే సిస్టర్లు తగ్గకుండా చూడండి. పక్కనే ఓపీలో మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం, వాటి రక్తపరీక్షలు ఉచితంగా దొరికేలా చూడండి. ఇక ఈ మాత్ర వాడుతున్న పాఠకులకు ఒకే మాట. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుని నోరంతా పుళ్ళై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. వారంలో ఏ రోజో డాక్టరు చేత చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించుకోండి. చదువు రాని అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే ఆ మాత్రను మీ చేత్తో మీరే ఇవ్వండి.